మన ఊరి సంఘం 2023-24 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఊరి పెద్దలకు, నెల్లూరు, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి శ్రమ తీసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. మొదటి ఎనిమిది నెలలూ ఏటా జరిగేవే జరిగాయి. బడి తెరిచినప్పుడు పిల్లలకు నోటు పుస్తకాలు ఇచ్చాం, కంటి పరీక్షల శిబిరం పెట్టాం, వినాయక చవితికి అన్నదానం చేశాం. ఫొటోలన్నీ గ్రూపులో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు డిసెంబర్ నెలకే ఇస్తున్నాను.

మిగ్‌జాం తుఫాను ఎదురుగా వచ్చి దాటిపోయి ఉంటే ఒక రాత్రి దెబ్బతో పోయేది. అది చెన్నైని ముంచి, మన నెల్లూరు తీరం పక్కనే మెల్లగా ఉత్తరానికి జరుగుతూ, డిసెంబర్ 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అందాకా మన మీద గాలీ వానా ఆగలేదు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర దాటిన తుఫానును చూసిన పెద్దవాళ్లు గాలి అప్పుడే ఎక్కువంటారు. ఇన్ని రోజులు నీళ్లు నిలబడటం మాత్రం ఇప్పుడే చూశామంటున్నారు. 2021లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కోసుకుపోయినప్పుడు ఆ వరద పెన్నా తెచ్చింది. ఈసారి నీళ్లన్నీ పైనుంచి పడ్డవే. నారుమళ్లు కుళ్లిపోయాయి, అప్పుడే నాట్లు పడిన చేలల్లో ఇసుక మేట వేసింది. తాటాకు ఇళ్లకు కప్పులు లేచిపోయాయి, సరుగుడు తోపులు ఒకవైపుకు ఒరిగిపోయాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. డిసెంబర్ 4 మూడో కార్తీక సోమవారం. ఏటా రామతీర్థం వెళ్లి సముద్ర స్నానం చేసి దీపాలు పెట్టే మన ఆడవాళ్లు ఆ రోజు తుఫాను షెల్టర్‌లో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

చెన్నైలో ఉన్న మన సభ్యులకు అదే రోజు రెండు దెబ్బలు. వేళచ్చేరిలో ఉన్నవాళ్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, ఇక్కడ అమ్మానాన్నలకు ఫోన్లు కలవలేదు. విమానాశ్రయం మూతపడింది, గూడూరు మీదుగా రావాల్సిన రైళ్లు చాలావరకు రద్దయ్యాయి. వాళ్లు పడిన టెన్షన్ నాకు తెలుసు, ఎందుకంటే కలిసిన ప్రతి ఫోనూ నాకే వచ్చింది. అయినా సొంత ఇంట్లో బురద ఎత్తిపోసుకుని, దారి తెరుచుకోగానే టార్పాలిన్లు, దుప్పట్లు, పాలపొడి, దోమతెరలు వ్యాన్‌లో వేసుకుని మొదట ఊరు చేరింది ఆ చెన్నై సభ్యులే. ఈ మాట మినిట్స్‌లో నమోదు కావాలని కోరుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. గాలి తగ్గినా జనం ఊళ్లోకి రాలేదు. కొందరు షెల్టర్‌లో, కొందరు హైస్కూల్లో, కొందరు బంధువుల ఊళ్లలో ఉండిపోయారు. వీధుల్లో మోకాలి లోతు బురద, కరెంటు లేదు, పాముల భయం. ‘ఇంక ఆ ఊళ్లో ఏముంది, నెల్లూరులో గది తీసుకుంటాం’ అన్నవాళ్లూ ఉన్నారు. కార్యవర్గం ముందు ఇళ్లు శుభ్రం చేయిద్దామని తీర్మానించింది. రామాలయం వీధి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. “ధనుర్మాసం నెల పట్టేదానికి ఇంకెన్ని రోజులుంది అబ్బయా? ముందు గుడి కడగండి, మైకు పెట్టండి. మైకు వినపడితే అందరూ వాళ్లే వస్తారు” అని ఒక పెద్దమ్మ గట్టిగా చెప్పింది.

ఆమె మాటే నిలబడింది. గుడిలో బురద పారలతో ఎత్తి, గర్భగుడి పసుపు నీళ్లతో కడిగారు. స్వామివారి ఉత్సవ విగ్రహాలను పూజారి గారు తుఫాను ముందు రోజే తన ఇంటి అటక మీదికి చేర్చి ఉన్నారు. ఆయన ఇంట్లో బియ్యం తడిసిపోయాయి గానీ విగ్రహాలకు నీటి చుక్క తగలలేదు. డిసెంబర్ 17, ధనుర్మాసం మొదటి రోజు, తెల్లవారక ముందే ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించిన మైకులో గోదాదేవి తిరుప్పావై పాశురం మొదలైంది. చీకట్లో, ఏ చప్పుడూ లేని ఊరు మీదుగా ఆ గొంతు హైస్కూల్ దాకా వినబడింది. అక్కడున్నవాళ్లు లేచి, ఒకరి వెనక ఒకరు టార్చిలైట్లు పట్టుకుని వచ్చారు. ప్రసాదం పొంగలి తిని తిరిగి స్కూలుకు పోకుండా ఎవరి ఇంటి ముందు వాళ్లు బురద తీయడం మొదలుపెట్టారు. మరుసటి రోజు ఇంకా ఎక్కువ మంది వచ్చారు.

మూడో రోజు పాశురంలో గోదాదేవి నెలకు మూడు వానలు, ఏ హానీ లేకుండా కురవాలని కోరుతుంది. ఆ అర్థం పూజారి గారు ఏటా చెప్తారు, మనం ఏటా వింటాం. ఈసారి చేను పోయినవాళ్లు, కప్పు పోయినవాళ్లు ఎదురుగా కూర్చుని వింటుంటే ఆయన మధ్యలో ఆగిపోయారు. వెనక నుంచి ఎవరో “చెప్పండి సామీ, మాకు కావాల్సింది అదే” అన్నారు. కౌలుకు చేసుకునే ఒక రైతు ఆ రోజే మళ్లీ నారు పోయడానికి వడ్ల కోసం బయలుదేరాడు. దేవుడి మీద నమ్మకం తిండి పెట్టదని వాదించేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్లను గౌరవిస్తూనే చెప్తున్నాను: ఆ పది పన్నెండు రోజుల్లో ఊరిని ఊళ్లోకి తెచ్చింది నమ్మకమే, నేను కళ్లారా చూశాను.

కాలువ అవతల చర్చి రేకులు కూడా లేచిపోయాయి. క్రిస్మస్ లోపల రేకులు వేయించాలని అక్కడి పెద్దలు అడిగారు, సంఘం రేకులు కొనిచ్చింది, పని వాళ్లే చేసుకున్నారు. 24 రాత్రి ఆరాధనకు రామాలయం జనరేటరు ఇచ్చాం. పట్టపుపాలెంలో తెగిన వలలకు నూలు, గంగమ్మ గుడి గోడకు సిమెంటు ఇచ్చాం.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోవలసింది జనవరి 14 భోగి నాడు జరిగిన గోదా కల్యాణం. ఊరు వదిలి ఏళ్లయినవాళ్లు కూడా ఆ రోజు వచ్చారు. పందిరికి తాటాకులు దొరకలేదు, తుఫానుకు చెట్లన్నీ బోడిగా ఉన్నాయి; సహాయంగా వచ్చిన టార్పాలిన్లనే పందిరి వేశాం. పీటల మీద కూర్చున్న దంపతులు ఇల్లు పూర్తిగా కూలిపోయినవాళ్లు. భోజనాలు రెండు పంక్తులు అనుకుంటే మధ్యాహ్నం దాటేదాకా సాగాయి. వంట మనుషులకు, వడ్డించిన యువకులకు, బియ్యం పంపిన రైసు మిల్లు వారికి, ఉచితంగా మైకు ఇచ్చినవారికి, ట్రాక్టర్ ఇచ్చి డీజిల్ డబ్బు కూడా తీసుకోనివారికి, పాచి నీళ్లలో రెండు రోజులు నిలబడి తీగలు లాగిన లైన్‌మెన్‌కు, మందులు పంచిన ఆశా కార్యకర్తలకు, పూజారి గారికి, ఆయన ఇల్లాలికి, రామాలయం వీధి ఆడవాళ్లందరికీ సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఎవరినైనా మరిచి ఉంటే మన్నించండి.

కొన్ని మాటలు చెప్పక తప్పదు. తుఫాను రాత్రి గ్రూపులో ‘మేం సిద్ధం’ అని రాసినవాళ్లు చాలామంది. బురద తీయడానికి ఆదివారం రమ్మంటే వచ్చినవాళ్లు ఒక ఆటోలో సరిపోయారు. కల్యాణానికి వచ్చి ముందు వరసలో ఫొటో దిగిన కొందరు ఆ ఆదివారం ఫోను కూడా ఎత్తలేదు. దూరంలో ఉన్నవాళ్లను నేనేమీ అనడం లేదు. నెల్లూరులో ఉండి, బస్సెక్కితే గంటలో రాగలిగినవాళ్ల గురించే చెప్తున్నాను.

ప్రభుత్వం ప్రకటించిన 25 కిలోల బియ్యం, 2,500 రూపాయలు చాలా ఇళ్లకు అందాయి, అందుకు కృతజ్ఞతలు. పడిపోయిన ఇళ్ల జాబితా రాయడానికి వచ్చినవారు మాత్రం రోడ్డు మీదే నిలబడి రాసుకుపోయారు. కాలువ అవతలి ఇళ్లు జాబితాలో లేవు. అడిగితే పోర్టల్ మూసేశారన్నారు. కౌలు రైతుల పేర్లు పంట నష్టంలో ఎక్కలేదు, కాగితాలు భూమి యజమాని పేరున ఉన్నాయి కదా.

అన్నిటికంటే ముఖ్యం చేలల్లో నీళ్లు సముద్రానికి పోయే డ్రెయిన్. అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట, లోపల గుర్రపుడెక్క, పక్కన రొయ్యల గుంటల గట్లు. పోటు మీదున్న సముద్రం నీళ్లను వెనక్కి తోస్తుంటే చేలల్లో నీళ్లకు పోయే దారే లేదు. సోమవారం గ్రీవెన్స్‌లో పలుమార్లు అర్జీ ఇచ్చాం. రసీదులన్నీ ఫైలులో ఉన్నాయి, పని మాత్రం మొదలుకాలేదు. గట్లు వేసినవారిలో మన సభ్యులూ ఉన్నారు. వారు తామే ముందుకొచ్చి దారి వదిలితే అధికారులను అడగడానికి మనకు నోరుంటుంది.

జమా ఖర్చులు ఆడిటర్ గారి సంతకంతో ఈ నివేదిక వెనక జతచేశాం. తుఫాను నిధికి విడిగా పద్దు ఉంది. మిగిలిన మొత్తం బ్యాంకులో ఉంది. సందేహాలకు కోశాధికారి గారు సమాధానం చెప్తారు. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టాలని మనవి.

ఈరోజు సమావేశం ఆమోదించవలసినవి రెండు. కాలువ అవతల జాబితాలో లేని ఇళ్లకు తుఫాను నిధి నుంచే కప్పులు వేయించడం ఒకటి. అక్టోబర్ లోపల డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మనమే తీయడం రెండోది. దానికి రాగలిగినవారు మాత్రమే తమ పేర్లు భోజనాల లోపల సహాయ కార్యదర్శి గారి దగ్గర రాయించండి.

ఇట్లు
కార్యదర్శి