టెరాఫ్లాప్స్ చూసి గేములు రావు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో గేములాడుకునే మెషిన్లు (కన్సోల్స్) సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్ 5)కీ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కీ తేడా ఏందో చెప్తా పెద్ద టేబుల్ వేశారు, కింద ఏ మెషిన్‌లో పవర్ ఎక్కువుంటే గేములు చేసేవాళ్ళు దానికే ముందు చేస్తారని ఒక లైన్ రాసేశారు. టేబుల్ కరెక్టే, ఆ లైనే తప్పు. మీ టేబుల్లోనే ఉంది చూడండి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 12 టెరాఫ్లాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తదో చెప్పే కొలత), పీఎస్ 5 పదికి కాస్త పైన. మీ లెక్కన అందరూ ఎక్స్‌బాక్స్ మీద ఎగబడాలి గదా, మరి మైక్రోసాఫ్ట్ వాళ్ళే తమ సొంత గేములు తీసుకొచ్చి సోనీ మెషిన్ మీద ఎందుకు అమ్ముకుంటున్నారు? 2024లో సీ ఆఫ్ థీవ్స్ వచ్చింది, 2025లో ఫోర్జా హొరైజన్ 5 కూడా వచ్చేసింది.

మా నెల్లూరు జిల్లాలో ఇది ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే సంగతి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల రైతులు టైగర్ రకం వదిలేసి వెనామీ రకానికి మారింది టైగర్ మంచి రొయ్య కాదనా? సైజులో దర్జా టైగర్‌దే. వైట్ స్పాట్ రోగం వచ్చి గుంటలకి గుంటలు పోతుంటే, సీడూ, మేతా, సరుకు కొనే కంపెనీ అన్నీ వెనామీకి కుదిరినాయి కాబట్టి మారారు. గేములోళ్ళు చూసుకునేదీ అంతే, చెయ్యడానికి ఎంతవుద్ది, ఎన్నాళ్ళు పట్టుద్ది, కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారు. గేము అమ్మిపెట్టినందుకు కన్సోల్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోర్ తీసుకునే కమీషన్ అంటారా, అది ఎవరి దగ్గరకి పోయినా 30 శాతం అటూఇటూగా ఉంటది, దాన్ని చూసి ఎవరూ మెషిన్ మారరు.

నేను కావలిలో ఒకప్పుడు పీఎస్ 2 పార్లర్ నడిపినోణ్ణి, ఇప్పుడు సెల్ షాపు పెట్టుకోనుండా, అందుకే ఈ పిచ్చి ఇంకా పోలేదు. పాత కథ కొంచెం చెప్తా వినండి. 1994లో సెగా కంపెనీ శాటర్న్ అనే కన్సోల్ వచ్చింది, అందులో రెండు ప్రాసెసర్లు, కాగితం మీద గొప్పే, కానీ ఆ రెండింటినీ ఒకేసారి సరిగ్గా పనిచేయించేట్టు కోడ్ రాయాలంటే చుక్కలు కనిపించేవి. అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ వాడకానికి తేలిక, చాలామంది అటు పోయారు. తర్వాత 1996లో నింటెండో 64 బిట్ మెషిన్ దింపి కూడా సీడీ పెట్టలా, కార్ట్రిడ్జే (లోపల చిప్ ఉండే ప్లాస్టిక్ డబ్బా) పట్టుకుని కూర్చుంది. ఎంత పెద్ద కార్ట్రిడ్జ్ అయినా 64 ఎంబీ, సీడీ అయితే 650 ఎంబీ. దాని తయారీ ఖర్చూ ఎక్కువే, ముందే ఆర్డర్ పెట్టాలి, సరుకు మిగిలిపోతే గేము కంపెనీ నెత్తినే పడుద్ది, సీడీలైతే చౌకగా మళ్ళీ కొట్టించుకోవచ్చు. అప్పటిదాకా నింటెండోతోనే ఉన్న స్క్వేర్ కంపెనీ ఫైనల్ ఫాంటసీ 7ని 1997లో మూడు సీడీల్లో ప్లేస్టేషన్‌కి తెచ్చింది, నింటెండోకి అది మామూలు దెబ్బ కాదు.

పీఎస్ 2 మీద పని చెయ్యడం కూడా కష్టమేనంట, అయినా 15 కోట్లకి పైగా అమ్ముడుపోయిన మెషిన్‌ని ఎవడు వదులుకుంటాడు, నోరు మూసుకుని నేర్చుకున్నారు. సోనీకి అక్కడే తలకెక్కింది. 2006లో పీఎస్ 3లో సెల్ అని ఇంకా చిక్కు ప్రాసెసర్ పెట్టింది, రేటు కూడా మంట. ఏడాది ముందే వచ్చేసిన ఎక్స్‌బాక్స్ 360లో పని తేలిక, దాంతో చానా గేములు ముందు దానికి చేసి ఆనక పీఎస్ 3కి అతికించినట్టు తెచ్చేవాళ్ళు, బయోనెట్టా అనే గేము రెండిట్లో ఆడినోళ్ళని అడగండి ఎట్టా ఉండేదో. 2013లో పీఎస్ 4కి వచ్చేసరికి దాన్ని డిజైన్ చేసిన మార్క్ సెర్నీ అనే ఆయన ముందే గేము స్టూడియోలకి పోయి మీకేం కావాలి అని అడిగి, మామూలు పీసీ లాంటి ప్రాసెసర్, 8 జీబీ మెమరీ పెట్టించాడు. ఆ తరం దాని చుట్టూనే తిరిగింది.

మన దేశం సంగతి ఇంకా తమాషా. 2009లో హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ సోనీ కోసం హనుమాన్ బాయ్ వారియర్ చేసింది, దేనికి? పీఎస్ 2కి. పీఎస్ 3 అప్పటికే వచ్చేసింది, కానీ మన ఇళ్ళల్లో, మా బోటి పార్లర్లలో తిరుగుతా ఉండేది పీఎస్ 2నే (ఒరిజినల్ డిస్కు ఎవరు కొన్నారనేది వేరే విషయం లెండి). అదే 2020లో పూణే వాళ్ళు మన పురాణాల మీద రాజీ అనే గేము చేసి ముందు నింటెండో స్విచ్ మీద వదిలారు, ఆ స్విచ్‌ని నింటెండో మన దేశంలో అఫీషియల్‌గా అమ్మనే అమ్మదు! గేము ఇక్కడిదే, డబ్బులిచ్చేవాళ్ళు మాత్రం బయట ఉన్నారు, అందుకే పోయింది. దాంట్లో తప్పేం లేదు నన్నడిగితే.

పవర్‌కి అసలు విలువే లేదని నేననట్లా. బాల్డర్స్ గేట్ 3 అనే గేము పీఎస్ 5కి 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా పట్టింది. ఎక్స్‌బాక్స్‌లో పెద్దదైన సిరీస్ ఎక్స్‌లో ఉన్న ఫీచర్లు చిన్నదైన సిరీస్ ఎస్‌లో కూడా ఉండాలని రూలు, ఇద్దరు ఒకే టీవీలో ఆడుకునే ఫీచర్‌కి దాని మెమరీ చాల్లేదు, చివరికి దాంట్లో ఆ ఫీచర్ తీసేసి వదిలారు. అంటే పెద్ద మెషిన్ పవర్ చూసుకుంటే చాలదు, చిన్న మెషిన్ తక్కువైతే అదే అడ్డం పడుద్ది. మీ టేబుల్లో సిరీస్ ఎస్ ఊసే లేదు.

ఇంత రాయడానికి ఇంకో కారణం ఉంది సార్. మీ పేజీ చదివి ఇద్దరు బీటెక్ పిల్లకాయలు షాపుకొచ్చి, అన్నా గేములు తయారు చెయ్యాలంటే పవర్ ఎక్కువున్న కన్సోల్ ఏది కొనాలి అని అడిగారు. షాపులో కొన్న పీఎస్ 5 ఆడుకోవడానికే, గేము చేసి అందులో పరీక్షించాలంటే డెవ్‌కిట్ అని వేరే మెషిన్ ఉంటది, అది సోనీ అప్రూవల్ ఇస్తేనే వస్తది. ఇంట్లో ఉన్న పీసీలో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీనో అన్‌రియలో ఫ్రీగా దించుకుని మొదలుపెట్టమని చెప్పి పంపా. వచ్చే ఆదివారం ఆ లైన్ సరిచేసేటప్పుడు ఈ ముక్క కూడా వెయ్యండి, వాళ్ళ నాన్నల డబ్బులు మిగుల్తాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, కావలి