ప్రధానోపాధ్యాయురాలి లేఖ: చార్టులో కుడివైపు సగం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

గత శనివారం మన బడిలో జరిగిన ‘దేశ చరిత్రలో మలుపులు’ ప్రదర్శనలో తొమ్మిదో తరగతి పిల్లలు ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుపై పెట్టిన ఒక చార్టు ఫోటో మూడు రోజులుగా మీ వాట్సాప్ గ్రూపులలో తిరుగుతోందనీ, చెన్నైలో ఉంటూ ‘మద్రాసు మనదే’ అని పిల్లల చేత రాయించడమేమిటని కొందరు ఆందోళన పడుతున్నారనీ నా దృష్టికి వచ్చింది. నలుగురు తల్లులు నేరుగా వచ్చి అడిగారు. వారికి నా కృతజ్ఞతలు. అడగకుండానే ఫోటోను నలుగురికీ పంపినవారికి మనవి చేయవలసిందేమంటే, అందులో కనిపించేది ఆనాటి ఆంధ్రుల నినాదం ఉన్న ఎడమవైపు సగం మాత్రమే.

కుడివైపు సగంలో, అంతే పెద్ద అక్షరాలతో, ఆనాటి తమిళ నాయకులు మ.పొ. శివజ్ఞానం గారి నినాదం ఉంది. ‘తలనిచ్చైనా రాజధానిని కాపాడుకుందాం’ అని దాని అర్థం. ఆ రెంటికీ నడుమ, 1949లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయి పటేల్, పట్టాభి సీతారామయ్య గార్ల కమిటీ పెట్టిన షరతును పిల్లలు ఎర్ర సిరాతో రాశారు: మద్రాసు నగరంపై పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం. రెండు పక్షాల మాటనూ ఒకే గోడపై పెట్టాలని తీర్మానించుకున్నది పిల్లలే. అందుకు నేను ఎంతో గర్విస్తున్నాను.

ఈ ఘట్టాన్నే ఎందుకు తీసుకున్నారని అడిగినవారికి నా సమాధానం ఇది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నది ఎక్కడో కాదు, మన మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. ఆంధ్ర ప్రాంతమంతా అట్టుడికిపోయింది, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి, 19వ తేదీన నెహ్రూ గారు మద్రాసు నగరాన్ని మినహాయించి ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం ఏర్పడడంతో తక్కిన భాషలవారి కోరికలకు కూడా బలం వచ్చింది. ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ వేయక తప్పలేదు. 1956 నవంబరు 1న దేశపటాన్ని 14 రాష్ట్రాలుగా, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా తిరగగీశారు. కేరళ ఏర్పడిందీ, కన్యాకుమారి మద్రాసు రాష్ట్రంలో కలిసిందీ ఆ రోజే. కాబట్టి ఇది తెలుగువారి సొంత గొడవ కాదు, దేశమంతటి మలుపు. తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చిన సంగతిని కూడా పిల్లలు మరువలేదు.

దీక్ష ఎన్ని రోజులు సాగిందన్న దానిపై ఒకచోట 56 అనీ మరొకచోట 58 అనీ చదివిన ఒక అబ్బాయి, లెక్కల నోటుబుక్కులో రోజుకొక గడి గీసి, అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15 అని కూడి, 58 అని తేల్చుకుని వచ్చి నా బల్లపై ఆ కాగితం పెట్టాడు. మరొక అమ్మాయి, గుమాస్తాగా పనిచేసిన తన ముత్తాత 1953లో సంసారాన్ని మద్రాసులోనే ఉంచి కర్నూలు వెళ్లి, గుడారంలో నడిచిన కార్యాలయంలో పనిచేసిన వైనాన్ని నాయనమ్మను అడిగి రాసుకొచ్చింది. చదివి వినిపిస్తుంటే ఆరో తరగతి పిల్లలు కూడా కిక్కురుమనలేదు.

నేను ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే. తేదీలు కంఠస్థం చేస్తే మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఆ తేదీన అలా ఎందుకు జరిగింది, ఎవరు ఏమి కోరారు, ఎవరు ఏమి వదులుకున్నారు అని అడగడం నేర్చుకోని పిల్లవాడు రేపు ఎవరు ఏ సగం చూపిస్తే ఆ సగాన్నే నమ్ముతాడు. ఆనాటి సంగతులు కళ్లారా చూసినవారు ఇప్పుడు ఎనభై ఏళ్లు పైబడినవారు. వారు మీ ఇళ్లలో, మీ వీధిలో ఉన్నారు. దయచేసి ఈ నెలలోనే పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి, వారు చెప్పినది చెప్పినట్లు తెలుగులో రాయించండి. వారు వెళ్లిపోయాక ఆ మాటలు మనకు ఏ పుస్తకంలోనూ దొరకవు.

ఈ సందర్భంలోనే మరొక విన్నపం. ప్రదర్శనకు వచ్చిన చార్టులలో ఐదు, అక్షరం పొల్లుపోకుండా, ఒకే దుకాణంలో అచ్చువేయించినవి. మీ పనుల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. కానీ పిల్లవాడి వంకర అక్షరాలతో వచ్చిన చార్టునే మేము కోరుకుంటున్నాము. అలాగే రాత్రి పదకొండింటికి ‘రేపటికి ప్రాజెక్టు కావాలి’ అని గ్రూపులో వెతుకులాడే అలవాటును, పెద్దలు పంపుకునే చరిత్ర సందేశాలను పిల్లల చేత పరీక్షలో రాయించే అలవాటును ఇకనైనా మానుకోవలసిందిగా ప్రార్థన.

అర్ధ సంవత్సర పరీక్షల పట్టికను డైరీలో అంటించాము, వాన సెలవులు కలెక్టరు గారి ప్రకటనను బట్టే ఉంటాయి, వ్యాను రుసుము బాకీ ఉన్నవారు పదో తేదీలోగా చెల్లించగలరు.

చార్టు శుక్రవారం దాకా మెట్ల పక్క గోడపైనే ఉంటుంది. సాయంత్రం నాలుగు తరువాత వస్తే దానిని గీసిన పిల్లలే దగ్గరుండి మీకు వివరిస్తారు. ఫోటో తీసుకోదలచినవారు రెండడుగులు వెనక్కి నిలబడితే మొత్తం చార్టు అందులో పడుతుంది.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు