ఓడి తిరిగొచ్చినవాళ్ల పాయింట్లు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా కాలేజీ రెజ్లింగ్ ఛాంపియన్‌షిప్ మీద మీ ఆటల పేజీలో వచ్చిన వార్త చదివాను. ఆ ఆట ఊసు మన పేపర్లలో రావడమే అరుదు కాబట్టి ముందు థాంక్స్. కానీ పది బరువు విభాగాల్లో ఎవరెవరు గెలిచారో పేర్లు వేసేసి, టీమ్ టైటిల్ సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు, ఆ టీమ్‌కి అన్ని పాయింట్లు ఎలా వచ్చాయో మాత్రం ఎక్కడా లేదు. అలా చదివితే ఛాంపియన్లు ఎక్కువమంది ఉన్న యూనివర్సిటీయే గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అదేం కాదండీ.

2001 సంగతే చూడండి. ఆ ఏడాది టీమ్ టైటిల్ మిన్నెసోటా యూనివర్సిటీది. వాళ్లలో ఛాంపియన్ ఒక్కడూ లేడు, కనీసం ఫైనల్‌కి వెళ్లినవాడు కూడా లేడు! పది బరువుల్లోనూ వాళ్ల కుర్రాళ్లు మూడు నుంచి ఎనిమిది లోపు స్థానాల్లో నిలిచారు, అంటే పదికి పదిమందీ ఆల్ అమెరికన్లు (మొదటి ఎనిమిదిలో నిలిచినవాళ్లకి ఇచ్చే పేరు) అయ్యారు, ఆ పాయింట్లన్నీ కలిసేసరికి ఫైనలిస్టులున్న టీమ్‌లు కూడా వెనకబడిపోయాయి. నన్నడిగితే ఈ ఆటలో అంతకంటే గొప్ప టీమ్ విజయం లేదు, ఛాంపియన్ల పేర్లు మాత్రమే వేసే వార్తలో దానికి చోటే ఉండదు.

లెక్క అంత కష్టమైనదేం కాదు. కాలేజీ పోటీల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో ఒక్కో బరువుకి 33 మంది దిగుతారు, ఒక యూనివర్సిటీ నుంచి బరువుకి ఒక్కడే. మెయిన్ బ్రాకెట్‌లో, అంటే ఇంకా ఓడనివాళ్లు ఫైనల్ వైపు వెళ్లే దారిలో, ఒక బౌట్ (కుస్తీ) గెలిస్తే టీమ్‌కి 1 పాయింటు. ఓడినవాడు ఇంటికి పోడు, ఓడినవాళ్లు మూడో స్థానం దాకా పోటీ పడే కన్సొలేషన్‌లోకి వెళ్తాడు, అక్కడ ఒక్కో గెలుపుకి అర పాయింటు. చివరికి మొదటి ఎనిమిది స్థానాలకి వరసగా 16, 12, 10, 9, 7, 6, 4, 3 పాయింట్లు. ఫైనల్‌కి, మిగతా స్థానాలు తేల్చే బౌట్లకి విడిగా గెలుపు పాయింటు ఇవ్వరు. కాబట్టి మామూలుగా ఐదు బౌట్లు గెలిచి ఛాంపియన్ అయినవాడు బోనస్ ఏమీ లేకపోతే 20 పాయింట్లు తెస్తాడు.

ఇప్పుడు మొదటి బౌట్‌లోనే ఓడినవాడిని తీసుకోండి. మీ వార్తలో వాడి పేరు ఎలాగూ ఉండదు. కానీ వాడు కన్సొలేషన్‌లో వరసగా ఏడు బౌట్లు గెలిస్తే మూడో స్థానం వస్తుంది, మొత్తం 13 పాయింట్లు. సెమీఫైనల్ దాకా వెళ్లి అక్కడ ఓడి, తర్వాత మూడో స్థానం తెచ్చుకున్నవాడికి ఎంత వస్తుందో తెలుసా, 13న్నర. తేడా అర పాయింటే! మొదటి రోజే ఓడి, ఒళ్లు హూనమైనా రెండు రోజుల పాటు మళ్లీ మళ్లీ మ్యాట్ ఎక్కిన కుర్రాడి కష్టానికి ఈ లెక్క సరైన విలువే ఇస్తోందని నా అభిప్రాయం. ఆ దారిలో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బ్లడ్ రౌండ్ అని పిలిచే బౌట్. గెలిస్తే మొదటి ఎనిమిదిలో చోటు ఖాయం, ఓడితే స్థానం పాయింట్లలో ఒక్కటీ రాదు, ఆల్ అమెరికన్ అన్న పేరూ రాదు.

ఇక బోనస్ పాయింట్లు, టైటిళ్లు చేతులు మారేది ఎక్కువగా ఇక్కడే. బౌట్ స్కోరులో 8 నుంచి 14 పాయింట్ల తేడాతో గెలిస్తే మేజర్ డెసిషన్, టీమ్‌కి అదనంగా 1. తేడా 15కి చేరితే బౌట్ అక్కడే ఆపేస్తారు, అది టెక్నికల్ ఫాల్, ఒకటిన్నర. పిన్ చేస్తే, అంటే ప్రత్యర్థి వీపుని మ్యాట్‌కి అదిమిపెట్టి బౌట్ ముగిస్తే, 2. ఈ బోనస్ మెయిన్ బ్రాకెట్‌లో ఎంతో కన్సొలేషన్‌లోనూ అంతే. అంటే కన్సొలేషన్‌లో పిన్ చేసినవాడు టీమ్‌కి రెండున్నర తెస్తే, మెయిన్ బ్రాకెట్‌లో బొటాబొటీగా గెలిచినవాడు తెచ్చేది ఒక్కటే.

ఒక బౌట్ ఆఖరి పది సెకన్లు ఊహించుకోండి. స్కోరు 9-2, గెలుపెవరిదో తేలిపోయింది, చూసేవాళ్లు పక్క మ్యాట్ వైపు తిరిగిపోయారు. కానీ పైనున్నవాడికి రైడింగ్ టైమ్ (ప్రత్యర్థిని కింద అదుపులో ఉంచిన సమయం) నిమిషం దాటింది, బౌట్ అయ్యాక దానికి ఇంకో పాయింటు కలిసి 10-2 అవుతుంది, తేడా 8, మేజర్ డెసిషన్. కిందున్నవాడు ఈలోగా తప్పించుకుని లేచి నిలబడితే వాడికి ఒక పాయింటు, అప్పుడు చివరి స్కోరు 10-3, తేడా 7, అవతలి టీమ్‌కి బోనస్ గల్లంతు. తను ఓడిపోతున్నానని తెలిసినా వాడు అంతలా గింజుకునేది అందుకే. ఆ ఒక్క పాయింటు కోసం రెండు మూలల్లోనూ కోచ్‌లు గొంతు చించుకుంటుంటే, సంగతి తెలియనివాళ్లకి అయిపోయిన బౌట్‌కి ఈ అరుపులేంటో అర్థం కాదు.

ఇంకో మాట. రెండు కాలేజీలు మాత్రమే తలపడే డ్యూయల్ మీట్ లెక్క వేరు. అక్కడ మామూలు గెలుపుకి 3, మేజర్‌కి 4, టెక్నికల్ ఫాల్‌కి 5, పిన్‌కి 6. ఈ రెండూ కలిపి రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు. జాతీయ టైటిల్ కూడా డ్యూయల్స్‌తోనే తేల్చాలనే వాళ్లున్నారు, టీమ్ అంటే పదిమందీ అని వాళ్ల వాదన, అందులో న్యాయం లేకపోలేదు. నాకు మాత్రం టోర్నమెంటే ఇష్టం, ఎందుకంటే డ్యూయల్‌లో ఓడినవాడి పని ఆ పూటకి అయిపోయినట్టే, ఇక్కడ ఓడినవాడి మీద కూడా టీమ్ ఇంకా ఆశ పెట్టుకుంటుంది.

ఈ మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 1997లో అయోవా యూనివర్సిటీ ఐదుగురు ఛాంపియన్లతో 170 పాయింట్లు తెచ్చింది, ఆ రికార్డు ఏళ్ల తరబడి నిలిచింది. 2024లో పెన్ స్టేట్ నలుగురు ఛాంపియన్లతో 172న్నర చేసి దాన్ని దాటింది. మరుసటి ఏడు అదే పెన్ స్టేట్‌కి ఛాంపియన్లు ఇద్దరే, పాయింట్లు మాత్రం 177! ఛాంపియన్లు తగ్గుతుంటే పాయింట్లు పెరిగాయి, ఎందుకంటే 2025లో వాళ్ల పదిమందీ మొదటి ఎనిమిదిలో ఉన్నారు. (2023-24 సీజన్ నుంచి టేక్‌డౌన్‌కి, అంటే నిలబడ్డ ప్రత్యర్థిని కింద పడేసి అదుపులోకి తెచ్చుకున్నందుకు, 2 బదులు 3 ఇస్తున్నారు కాబట్టి బోనస్ దాకా వెళ్లడం కాస్త తేలికైంది, అయోవాతో పోల్చేటప్పుడు అదీ గుర్తుపెట్టుకోవాలి.)

అందుకే అడుగుతున్నాను, వచ్చే మార్చిలో ఈ వార్త వేసేటప్పుడు మొదటి మూడు టీమ్‌లకైనా చిన్న పట్టిక ఇవ్వండి: స్థానాల వల్ల ఎన్ని, మెయిన్ బ్రాకెట్ గెలుపుల వల్ల ఎన్ని, కన్సొలేషన్ వల్ల ఎన్ని, బోనస్ ఎంత. నాలుగు అంకెలే కదా. చోటు చాలకపోతే ఛాంపియన్ల ఫొటో ఒకటి తగ్గించినా పరవాలేదు, ఐదో స్థానంలోనో ఏడో స్థానంలోనో నిలిచిన కుర్రాళ్ల పేర్లు మాత్రం వదిలేయకండి.

ఇట్లు,
మీ ఆటల పేజీ రోజూ చదివే పాఠకుడు