చివరి చేనుకు నీళ్లు చేరిన రోజు కూడా ఫోటో వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మాది కోనసీమ. అమలాపురానికి దక్షిణంగా, సముద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో, పంటకాలువ ఆఖరయ్యే చోట మాకు మూడెకరాల చేను ఉంది. మా ఆయన కాలం చేశాక పన్నెండేళ్లుగా వ్యవసాయం నేనే చూసుకుంటున్నాను. నాకిప్పుడు 59 ఏళ్లు. ఈ మే నెలలో, దాళ్వా (రెండో పంట) మాసూళ్లు అయిపోయి కాలువలకు నీళ్లు ఆపేశాక, సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అది పట్టుబట్టి నన్ను ఆరు రోజులు ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి తీసుకెళ్లింది. తిరుగు ప్రయాణంలో సింగపూర్ నుంచి విశాఖపట్నం దాకా సుమారు నాలుగు గంటలు విమానంలో ఒక్కదాన్నే కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లో నాకు మా పంటకాలువే కనబడింది. అప్పుడు అనుకున్నవే మీకు రాస్తున్నాను.

బయల్దేరేటప్పుడు మా వీధిలో వాళ్లంతా "అక్కడ ఎక్కువమంది మన హిందువులేనంట, ఎక్కడ చూసినా గుళ్లేనంట" అన్నారు. నిజమే. ఉబుద్ అనే ఊళ్లో మేం దిగిన ఇంట్లో రోజూ పొద్దున్నే ఇంటావిడ లేత కొబ్బరాకుతో అరచేయంత దొన్నె అల్లి, అందులో నాలుగు రకాల పూలు పెట్టి గడప ముందు ఉంచేది. చానంగ్ అంటారు దాన్ని. పక్కన ఒక అగరొత్తి. ఆకు ఊడిపోకుండా వెదురు పుల్ల గుచ్చుతుంది, మనం విస్తళ్లు కుట్టుకున్నట్టే. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు చేతులాగలేదు. రెండో రోజు ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఆవిడ మాట రాదు. నేను మడిచిన మొదటి దొన్నె విప్పేసి, మళ్లీ నెమ్మదిగా మడిచి చూపించింది. మూడో దొన్నె మాత్రం తీసుకెళ్లి గడప దగ్గర పెట్టింది. ఆ ఆరు రోజుల్లో నాకు అన్నిటికంటే సంతోషమైన పొద్దు అదే.

కానీ నేను రాయాల్సింది గుళ్ల గురించి కాదు, నీళ్ల గురించి.

తంపక్‌సిరింగ్ అనే చోట తీర్థ ఎంపుల్ అని ఒక గుడి ఉంది. 962లో కట్టిందట. గుడి లోపలే నేల అడుగునుంచి ఇసుకను తోసుకుంటూ ఊట ఉబుకుతుంది. ఆ నీళ్లు వరసగా రాతి ధారల్లోంచి పడుతుంటే జనం ఒక్కో ధార కింద తల వంచి ముందుకు సాగుతారు. నేనూ మునిగాను. బయటికొచ్చాక మా కారు డ్రైవరు మా అమ్మాయితో ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు. "మీ అమ్మగారు స్నానం చేసిన నీళ్లు ఇప్పుడు పకెరిసాన్ నది వైపు పోతున్నాయి. కింద వరిచేలకు అవే." తీర్థం అనే మాటను వాళ్లూ తీర్థ అనే అంటారు. తమ మతాన్ని ఒకప్పుడు 'ఆగమ తీర్థ', అంటే తీర్థపు మతం, అని పిలుచుకునేవారట. మన దగ్గర తీర్థం ఉద్ధరిణెతో అరచేతిలో పడి అక్కడితో ఆగుతుంది. వాళ్ల తీర్థం చేలోకి వెళ్తుంది.

ఆ డ్రైవరు కూడా రైతే. తబనాన్ వైపు అతనికి ముప్పై 'ఆరె'ల పొలం ఉంది, మన లెక్కలో ముప్పావు ఎకరం. నేను రైతునని తెలిశాక అతను మమ్మల్ని మామూలుగా అందరినీ ఫోటోలకు తిప్పే చోట్లకు కాకుండా, బతుకారు కొండ కింద జతిలువి దగ్గర చేలగట్ల మీదుగా నడిపించాడు. కంకి తీస్తున్న చేను. కొండవాలు మీద మెట్లు మెట్లుగా, పై మడి నుంచి కింది మడి దాకా అంతా ఒకే ఈడు. ఒకచోట గట్టు దాటగానే చేను ఈడు మారింది. అక్కడి నుంచి వేరే సుబాక్ అన్నాడు.

సుబాక్ అంటే ఒకే కాలువ నీళ్లు వాడుకునే రైతులందరి సంఘం. ఊరుతో పని లేదు, ఏ ఊరివాళ్లయినా సరే, ఒకే నీళ్లు వాడుకుంటే ఒకే సుబాక్. బాలిలో ఇలాంటివి సుమారు 1,200 ఉన్నాయట. వెయ్యేళ్ల నాటి పద్ధతి. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైతులే తమలో ఒకర్ని పెద్దగా పెట్టుకుంటారు, అతన్ని పెకసె అంటారు. కట్టుబాట్లు రాసి ఉంటాయి, తప్పితే జరిమానా. కాలువ చీలే ప్రతి చోటా అడ్డంగా దుంగ ఉంటుంది, దానికి గాట్లు. ఎంత భూమి ఉంటే అంత వెడల్పు గాటు. చాలా చోట్ల ఇప్పుడు సిమెంటుతో కట్టేశారు గానీ లెక్క అదే. నేను గట్టు మీద కూర్చుని ఆ గాట్లను వేళ్లతో కొలిచి చూశాను. పక్కనే నల్లని పీచు కప్పిన బుల్లి గుడి. నాటేముందు అందరూ అక్కడ పూజ చేసి, ఏ వారం ఎవరు దమ్ము చేయాలో, అంటే నీళ్లు పెట్టి మడి దున్నాలో, తేల్చుకుంటారు.

నేనొక ప్రశ్న అడిగాను. అది నలభై ఏళ్లుగా నా గుండెల్లో ఉన్న ప్రశ్న. "నీళ్లు ముందు వచ్చేది పై రైతుకి. కింది రైతు కోసం అతనెందుకు ఆగాలి?"

డ్రైవరు చెప్పింది మా అమ్మాయి మాట మాటా తెలుగులో చెప్పింది. "కింది వాళ్లకు నీళ్లందకపోతే వాళ్లు ఆలస్యంగా నాటుతారు. మా కోత అయిపోయాక పురుగుకీ ఎలుకకీ వాళ్ల చేను తిండి పెడుతుంది. మేం మళ్లీ నాటేసరికి అవి పైకొస్తాయి. అందరూ ఒక్కసారి నాటి ఒక్కసారి కోస్తే ఆ కొన్నాళ్లు వాటికి తిండి ఉండదు. కింది వాళ్లకు నీళ్లు ఇచ్చేది మా చేను కోసమే."

ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్లో వెతికి దాని వెనక కథ చదివి వినిపించింది. 1970ల్లో అక్కడి ప్రభుత్వం కొత్త వంగడాలు ఇచ్చి, సుబాక్ తేదీలతో పని లేకుండా వీలైనన్ని పంటలు వేయమంది. కొన్నేళ్లు దిగుబడి పెరిగింది. తర్వాత ద్వీపమంతా ఎప్పుడూ ఎక్కడో ఒకచోట చేను పచ్చగా ఉండటంతో వరి రసం పీల్చే సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టినకొద్దీ ఎక్కువైంది. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులు వాడకూడదని ఆపేసింది. రైతులు మళ్లీ పాత తేదీల లెక్కకే వచ్చారు. ఒక కాలువ కింద అందరూ కలిసి నాటుతారు, కానీ అన్ని కాలువలూ ఒక్కసారే నాటితే నది చాలదు కాబట్టి సుబాక్‌ల మధ్య వంతు ఉంటుంది. దోమకు తిండి దొరక్కూడదు, నీళ్లకు కరువు రాకూడదు. ఈ రెంటికీ మధ్య తేదీ పట్టుకోవడమే వాళ్ల విద్య.

దోమ అన్న మాట దగ్గర నా నిద్ర ఎగిరిపోయింది. మా చేలో దోమపోటుకు గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయిన స్వర్ణ వరిని నేనెన్నిసార్లు చూశానో. ప్రతిసారీ ఏ మందు కొట్టాలని అడిగానే గానీ పై చేలల్లో నాట్లు ఎప్పుడు ఊడ్చారని ఒక్కనాడూ అడగలేదు.

మా పుట్టిల్లు ఇదే కాలువకు తల వైపున ఉంది. మా అన్నయ్య చేనూ నా చేనూ ఒకే నీళ్లు తాగుతాయి. అన్నయ్యకు జూన్ మొదటి వారంలో నీళ్లొస్తాయి. నాకు జూలై రెండో వారం, ఒక్కో ఏడు మూడో వారం. మధ్యలో నీళ్లకు అడ్డుపడే గుర్రపుడెక్క, తూడు, కూలిపోయిన బోదెల (పిల్లకాలువల) గట్లు. అన్నయ్య ఊడ్పులు అయ్యేనాటికి నేనింకా నారు కోసం ఆకుమడి పోయలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు అన్నయ్య ధాన్యం అమ్మేసి ఉన్నాడు. నా పంట కోసి పనల మీద ఉంది. నాలుగు రోజులు నీళ్లలో ఉండి మొలకొచ్చింది. మురుగు కాలువ పూడిపోయి ఆ నీరు కదలలేదు. అన్నయ్య చెడ్డవాడని కాదు. ఇప్పుడు వదిలేస్తే నీళ్లు మళ్లీ రావేమోనని ఆయన భయం. ఆ భయం కాలువ పొడుగునా ప్రతి తూము దగ్గరా ఉంది. 2011 సార్వాలో (తొలకరి పంటకు) కోనసీమ రైతులు పంట వేయకుండా విరామం ప్రకటించారు, 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో అదే జరిగింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, మురుగు, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. కాలువ చివరనుండే శివారు రైతుకు మాత్రం అన్నిటికంటే ముందు వచ్చేది నీళ్లందే తేదీ.

మనకు సంఘాలు లేవా అంటే ఉన్నాయి. రైతులే సాగునీటి వ్యవస్థను నడుపుకోవాలని 1997లోనే చట్టం వచ్చింది. 2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మా సంఘం ఏకగ్రీవం అయిందన్నారు. అధ్యక్షుడెవరో నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. ఆ తప్పు నాది. కబురు వచ్చింది, మగవాళ్ల మీటింగు కదా అని నేను వెళ్లలేదు. అదే నేను డ్వాక్రా సంఘంలో ఇరవై ఏళ్లుగా ఒక్క నెల మానకుండా కూర్చున్నాను. అక్కడ ఆలస్యమైతే జరిమానా కడతాం, పొదుపు పుస్తకంలో ప్రతి రూపాయి అందరి ముందూ రాస్తాం, ఒకరి వాయిదా తప్పితే పదిమందీ వాళ్లింటికి వెళ్లి కూర్చుంటాం. డబ్బు విషయంలో ఇంత కట్టుబాటు తెలిసిన ఆడవాళ్లం నీళ్ల విషయంలో ఎందుకు దూరంగా ఉన్నామో నాకే అర్థం కావడం లేదు. బాలిలో కూడా సుబాక్ సమావేశాలకు ఎక్కువగా మగవాళ్లే వెళ్తారట. అందులో వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది లేదు.

అక్కడ అంతా స్వర్గమని నేను చెప్పడం లేదు. దారి పొడుగునా వరిచేలు పూడ్చి కట్టిన విల్లాలు చూశాను. మన రొయ్యల చెరువుల్ని చూసినట్టే అనిపించింది. ముప్పావు ఎకరం మీద ఇల్లు గడవక కదా ఆ డ్రైవరు డ్రైవరయింది. తన కొడుకు వ్యవసాయం చేయడన్నాడు. అయినా సుబాక్ పూజ రోజున మాత్రం కారు తీయడట.

విశాఖలో దిగేటప్పుడు సముద్రం మీద ఆగి ఉన్న ఓడల దీపాలు కనబడ్డాయి. మర్నాడు బస్సులో యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీద గౌతమిని చూసి అందరితోపాటు నేనూ దణ్ణం పెట్టుకుని చిల్లర వేశాను. 2027లో పుష్కరాలు. అప్పుడూ మునుగుతాను. కానీ వంతెన దాటిన పది నిమిషాలకు మా కాలువ వచ్చింది. అడుగున బురద, దాని మీద ప్లాస్టిక్ సంచులు, ఎండిన గుర్రపుడెక్క. గోదావరికి పెట్టిన దణ్ణం ఈ కాలువకు ఎవరం పెట్టలేదు. ఇదీ గోదావరే.

ఇంటికొచ్చాక అన్నయ్యకు ఫోన్ చేసి అక్కడ చూసినదంతా చెప్పాను. ఎలుకల మాట, దోమ మాట చాలాసేపు విన్నాడు. తర్వాత "నువ్వు ఆకుమడి ఎప్పుడు పోద్దామనుకుంటున్నావు చెల్లీ?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిస్తే కదా చెప్పడానికి, అన్నాను. ఇద్దరం కలిసి మా నీటి సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాలని అనుకున్నాం. కాలువ వదలకముందే తల వైపు వాళ్లనూ చివరి వాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టి, ఏ తూము కింద ఏ తేదీకి ఊడ్పులు పూర్తవ్వాలో రాసి పంచాయతీ గోడ మీద అంటించమని అడుగుతాం. గుర్రపుడెక్క తీయడానికి ఇంటికొకరు చొప్పున రావడానికి మా డ్వాక్రా వాళ్లు నలుగురు ఇప్పటికే సరేనన్నారు.

మీ పత్రికను నేనడిగేది ఒక్కటే. ఏటా జూన్‌లో ధవళేశ్వరం దగ్గర పూజ చేసి కాలువలకు నీళ్లు వదిలే ఫోటో మొదటి పేజీలో వేస్తారు. మా ఇంట్లో అందరం చూస్తాం. ఈ ఏడాది అది వేశాక మీ విలేకరిని మావైపు ఏదైనా శివారు ఊరికి కూడా పంపండి. ఆ నీళ్లు ఆఖరి బోదెలోంచి ఆఖరి చేలోకి ఏ రోజు దిగాయో ఆ రోజు ఒక ఫోటో తీయించి, కింద తేదీ రాయండి. వచ్చే ఏడాదీ అదే చేను దగ్గర తీయించండి. రెండు తేదీలు పక్కపక్కన వేయండి.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా