మా అమ్మాయి పక్కన 10 నిమిషాలు నిలబడిన డాక్టరు గారికి

14 ఏళ్ల మా అమ్మాయి నిలబడి ఉండగానే కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం, తరచూ తలనొప్పితో మంచం దిగలేకపోవడం చూసి, మూర్ఛ అని కొందరు, చదువు తప్పించుకునే నటన అని మరికొందరు తేల్చేశారు. రెండో మాటే మమ్మల్ని ఎక్కువ బాధించింది.

ఏళ్ల తరబడి పిల్లల తలనొప్పులకూ, స్పృహ తప్పడానికీ వైద్యం చేస్తున్న నరాల వైద్యులైన మీరు స్కానింగు కాగితాలను పక్కన పెట్టి, పడిపోయే ముందు చెవుల్లో హోరు వినిపించిందా, చెమటలు పట్టాయా అని ముందు అమ్మాయినే అడిగారు. తరువాత ఆమెను పడుకోబెట్టి నాడి, రక్తపోటు చూసి, లేపి నిలబెట్టి, 10 నిమిషాల పాటు మీరూ పక్కనే నిలబడి లెక్క రాసుకున్నారు. ఆ పని నర్సుకు అప్పగించవచ్చు, మీరు అప్పగించలేదు. నిలబడ్డాక నాడి మునుపటి కంటే నిమిషానికి 40 సార్లకు పైగా ఎక్కువ కొట్టుకున్నట్లు చూపిన ఆ కాగితాన్ని మాకు కాక ఆమె చేతికే ఇచ్చి, "ఇది నీ ఊహ కాదమ్మా, నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగిపోతుంటే నీ గుండె పరుగెత్తుతోంది" అన్నారు. ఆమె చాలాసేపు ఏడ్చింది. మీరు తొందరపెట్టలేదు.

నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో చెప్పి, కళ్లు తిరిగేటప్పుడు కాళ్లు మెలివేసి కండరాలు బిగించడం నేర్పారు. నొప్పి మాత్రలు అతిగా వాడితే అవే తలనొప్పి తెచ్చిపెడతాయని హెచ్చరించారు. ఆ కాగితాన్ని అమ్మాయి ఇప్పటికీ దాచుకుంది. మీకు మా కుటుంబమంతా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాం.