ఊరి బడి చరిత్ర రాసే ముందు

టొపీకా,
ఆదివారం సాయంత్రం

బంగారుతల్లికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

మీ స్కూలు వార్షికోత్సవానికి చుట్టుపక్కల పాత బడుల చరిత్ర నిన్ను రాయమన్నారని చెప్పావు కదా. ఈ సంగతులు ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నీకు నికొడెమస్ దగ్గరే కాబట్టి ఆ ఊరి బడితో మొదలుపెట్టు. అమెరికాలోని ఈ కాన్సస్ రాష్ట్రపు మైదానంలో ఒక చిన్న ఊరికి బడి ఎలా వచ్చింది, ఎందుకు పోయింది అన్నది అంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ఆ ఊరు 1877లో పుట్టింది. కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతివాళ్ళు కట్టుకున్నారు. పెద్దవాళ్ళలో చాలామంది పన్నెండేళ్ళ కిందటి దాకా బానిసలుగా బతికినవాళ్ళే. ఎల్లిస్‌లో రైలు దిగి, అక్కణ్నుంచి ఉత్తరానికి నడిచి వచ్చేసరికి అక్కడ చెట్టు లేదు, కలప లేదు, ఇల్లన్నదే లేదు. ముందొచ్చినవాళ్ళు మిట్టల్లోకి తొలుచుకున్న గుంట ఇళ్ళలో ఉంటున్నారు. 1878లో వచ్చినవాళ్ళు ఊరేదని వెతుక్కుంటే నేలలోంచి పొగ వస్తూ కనిపించిందట. అలాంటి చోట జెన్నీ స్మిత్ ఫ్లెచర్ అనే ఆమె తన ఇంట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పడం మొదలుపెట్టింది. ఊరికి మొదటి టీచరమ్మ ఆవిడే. నీ వ్యాసంలో ఆవిడ పేరు మొదటి పేరాలోనే రావాలి. భవనం పేరు తర్వాత రాసుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బడికి ఒక్క పుట్టినరోజు ఉంటుందనుకుని గోడ మీది పలకలో ఉన్న ఏడాది రాసేస్తారు. మైదానపు బడికి కనీసం మూడు తేదీలుంటాయి. పాఠం మొదలైన తేదీ ఒకటి, స్కూల్ డిస్ట్రిక్ట్ చట్టప్రకారం ఏర్పడిన తేదీ రెండోది, భవనం లేచిన తేదీ మూడోది. నికొడెమస్‌లో పాఠం ఊరితో పాటే మొదలైంది. ఆ ఊరున్న గ్రాహమ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పాలనాయంత్రాంగం ఏర్పడింది 1880లో. అందులో స్కూల్ డిస్ట్రిక్ట్ నంబర్ 1 ఈ ఊరిదే. నాలుగు గదుల బడి 1887లో లేచింది. ఇప్పుడు నువ్వు చూసే ఒంటిగది చెక్కబడి 1918 నాటిది. 1918 అని మాత్రమే రాస్తే నలభై ఏళ్ళ చదువు తుడిచిపెట్టుకుపోతుంది.

డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోకు. బడి పన్ను వేసుకునే హక్కున్న చిన్న ఇలాకా అది. దాని హద్దు అర్థం కావాలంటే ముందు భూమి లెక్క తెలియాలి. ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. నంబర్లు ఈశాన్య మూలలో 1తో మొదలై పడమటికి 6 దాకా వెళ్తాయి. రెండో వరసలో వెనక్కి తూర్పుకు వస్తాయి. నాగలి సాలు మలుపు తిప్పినట్టు అలా 36 దాకా. పాత కాగితంలో "టౌన్‌షిప్ 8 దక్షిణం, రేంజ్ 21 పడమర" అని కనిపిస్తే, కాన్సస్ ఉత్తర సరిహద్దు నుంచి కిందికి ఎనిమిదో వరస, ఆరో ప్రధాన రేఖ (భూమి కొలతకు ఆధారంగా ఉత్తర దక్షిణాలుగా గీసుకున్న గీత) నుంచి పడమటికి ఇరవై ఒకటో వరస అని. అంటే సరిహద్దుకు 42 నుంచి 48 మైళ్ళ లోపల. ఒక కాగితం మీద ఈ గడులు గీసి పక్కన పెట్టుకో, రిజిస్టర్లు చదవడం సులువవుతుంది.

1861లో కాన్సస్ రాష్ట్రమైనప్పుడు ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16, 36 నంబరు సెక్షన్లు బడుల కోసం ఇచ్చారు. ఇది చదివి చాలామంది బడి ఆ సెక్షన్‌లోనే ఉండేదనుకుని పొలాల్లో పునాది రాళ్ళ కోసం వెతుకుతారు. ఆ భూమిని అమ్మి డబ్బు రాష్ట్ర బడినిధిలో వేసేవారు, దాని వడ్డీ అన్ని డిస్ట్రిక్టులకూ పంచేవారు. బడి మాత్రం ఎవరో రైతు తన పొలం మూలన ఇచ్చిన ఎకరంలో, రెండు దారులు కలిసే చోట ఉండేది. పిల్లవాడు నడిచి రాగలిగిన దూరమే అసలు కొలత, రెండు మైళ్ళు, మహా అయితే మూడు. ఒక టౌన్‌షిప్‌లో అన్నేసి బడులు ఉండడానికి కారణం అదే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది శ్రద్ధగా చదువు, ఎందుకంటే తొలి బడులు ఎందుకంత దీనంగా ఉండేవో అంతా ఇక్కడే తెలుస్తుంది. వడ్డీ డబ్బు ఏ మూలకూ చాలేది కాదు, బడి నడవాల్సింది డిస్ట్రిక్ట్ వేసుకునే పన్ను మీద. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద రైతుకు 160 ఎకరాలు వచ్చేవి. ఐదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేస్తేనే పట్టా. పట్టా చేతికొచ్చేదాకా ఆ భూమి సర్కారుదే, దాని మీద పన్ను వేయడానికి లేదు. అంటే ఊరు పెట్టిన మొదటి ఐదేళ్ళలో పిల్లలు నిండుగా ఉంటారు, పన్ను వేద్దామంటే భూమి ఉండదు. అందుకే గుంట ఇంట్లో బడి, చందాలతో జీతం, టీచరమ్మకు వారానికో ఇంట్లో భోజనం, పడక. కాన్సస్ 1874లోనే నిర్బంధ హాజరు చట్టం చేసింది. 8 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఏడాదికి 12 వారాలు. పన్నెండు వారాలేనా అనిపిస్తుంది గానీ, అంతకంటే ఎక్కువ నడపడానికి చాలా ఊళ్ళ దగ్గర డబ్బు లేదు. పెద్ద మగపిల్లలు మొక్కజొన్న కండెలు ఒలవడం అయ్యాకే వచ్చేవారు. హాజరు పట్టీలో డిసెంబరులో ఒక్కసారిగా పేర్లు పెరిగితే అది లెక్క తప్పని అనుకోకు.

మొదటి బడులు మట్టివి. గడ్డి వేళ్ళతో బిగుసుకుపోయిన పైపొరను నాగలితో పన్నెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం పట్టీలుగా లేపి, రెండు మూడు అడుగులకొకటి పారతో కోసి, గడ్డి వైపు కిందికి పెట్టి, ఇటుకల్లా అతుకులు తప్పించి పేర్చేవారు. గోడ రెండడుగులకు పైనే. వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన. లోపమంతా కప్పులోనే. వాన కురిసినంతసేపూ కారి, వాన వెలిశాక కూడా బురద చుక్కలు పడుతూనే ఉండేవి. అందుకని పైన పల్చటి గుడ్డ బిగించేవారు, మట్టి, పురుగులు, ఒక్కోసారి పాములు దాంట్లో ఆగేవి. కట్టెలు లేవు కాబట్టి పొయ్యిలోకి ఎండిన పశువుల పేడ. మన పిడకల్లా చేత్తో తట్టినవి కావు, మైదానంలో ఎక్కడ ఎండితే అక్కడే ఏరుకున్నవి. అవి త్వరగా మండి బూడిద ఎక్కువగా వదులుతాయి. పొద్దున్నే బూడిద ఎత్తడం ఒక పెద్ద పని.

భవనం దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని చదవడం నేర్చుకో. టేపు, టార్చి పట్టుకెళ్ళు. ముందు కిటికీలు లెక్కపెట్టు. పాత బళ్ళకు రెండు పక్కలా సమానంగా కిటికీలుండేవి, పొడవాటి గోడకు మూడేసి. రెండు వైపుల వెలుగూ పుస్తకం మీద పడి పిల్లలు కళ్ళు చిట్లించాల్సి వచ్చేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెలుగు ఎడమ భుజం మీదుగానే రావాలన్న నియమం వచ్చింది, రాసే కుడిచేతి నీడ కాగితం మీద పడకుండా. అందుకే కొన్ని బళ్ళలో ఒక పక్క కిటికీలు పలకలు కొట్టి మూసేసి, రెండో పక్క ఐదారు వరసగా తెరిచి ఉంటాయి. మూసిన కిటికీ చట్రం గోడలో కనిపిస్తే భవనం ఆ నియమం కంటే పాతదని రాసుకో.

తర్వాత లోకప్పు చూడు. పొయ్యి పొగగొట్టం వెళ్ళిన గుండ్రటి రంధ్రం, దాన్ని మూసిన రేకు మూత కనిపిస్తాయి. రంధ్రం గది మధ్యలో ఉంటే పాతకాలపు పొయ్యి. దాని పక్కన కూర్చున్నవాళ్ళు మాడిపోయేవారు, గోడ పక్కనవాళ్ళ సిరా గడ్డకట్టేది. మూలన ఉంటే తర్వాత వచ్చిన రేకు తొడుగు పొయ్యి. బయటి చల్లగాలి గోడలోని కంత ద్వారా తొడుగులోకి వచ్చి, వేడెక్కి, గదంతా తిరిగేది. ఆ కంత జాడ బయటి గోడకు కింద భాగంలో ఉంటుంది, వంగి చూడాలి. ఈ బళ్ళు తరచూ తగలబడడానికి కారణాలు రెండు. గొట్టం చెక్కకప్పును దాటే చోట సరైన దిమ్మ లేకపోవడం, నిప్పు ఆరని బూడిదను గోడ వారన పోయడం. అందుకే ఒకే స్థలంలో రెండు మూడు బళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. చెక్కబడిని దుంగల మీద ఎక్కించి గుర్రాలతో ఇంకో చోటికి లాక్కెళ్ళడం కూడా మామూలే. పునాది రాతికీ పై చెక్కకూ వయసు ఒకటేనని ముందే తేల్చుకోకు.

నీళ్ళ సంగతి కూడా రాయి. ఒక బకెట్టు, అందులో ఒకే ముంత, బడంతా దాంతోనే తాగేది. క్షయ, గొంతు జబ్బులు ఇంటింటికీ పాకేవి. డాడ్జ్ సిటీ నుంచి వచ్చిన డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ రాష్ట్ర ఆరోగ్య బోర్డులో ఉండి 1909లో ఉమ్మడి గ్లాసును నిషేధింపజేశాడు. అప్పటినుంచి గోడకు వరసగా మేకులు, మేకుకో రేకు గ్లాసు, గ్లాసుకో పేరు. ఆ మేకుల కంతలు ఏ గోడకైనా కనిపిస్తే ఫొటో తియ్యి. వాటి మధ్య ఎడం, నేల నుంచి ఎత్తు కొలిచి రాయి. ఎత్తును బట్టి ఎంత చిన్నపిల్లలు అందుకునేవారో తెలుస్తుంది.

చదువు చెప్పే తీరు నీకు కొత్తగా ఉండదు, మన ఏకోపాధ్యాయ పాఠశాల లాంటిదే. ఎనిమిది తరగతులు, ఒక గది, ఒక్క టీచరు. తొమ్మిదికి మొదలై నాలుగుకు వదిలేది. మధ్యాహ్నం గంట, రెండు పావుగంటల విరామాలు తీసేస్తే మిగిలేది 330 నిమిషాలు. రోజుకు 28 పాఠాలు అప్పజెప్పించుకోవాలంటే ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు కూడా రావు. ఒక తరగతి ముందు బెంచీకి వచ్చి అప్పజెబుతుంటే మిగతా ఏడూ పలకల మీద రాసుకునేవి. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ పాఠం వింటూ ఏడాది ముందే నేర్చేసుకోవడం ఈ పద్ధతిలో ఉన్న మేలు. టీచరుకు కౌంటీ పరీక్ష పెట్టి గ్రేడు సర్టిఫికెట్ ఇచ్చేవారు, కింది గ్రేడైతే కొద్దికాలమే చెల్లేది. కాబట్టి రిజిస్టరులో ఏడాదికో కొత్త పేరు కనబడితే వాళ్ళు పనికిరానివాళ్ళని రాయకు.

ఒక్క విషయంలో మాత్రం మాట జారకూడదు. నికొడెమస్ బడిని "వేరుచేసిన బడి" అని రాస్తే తప్పు. కాన్సస్‌లో 1879 చట్టం నల్లపిల్లలకు వేరే ప్రాథమిక బళ్ళు పెట్టే అధికారం పెద్ద నగరాలకే ఇచ్చింది. మా టొపీకా అలాంటిదే, 1954లో సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ ఏర్పాటునే. చిన్న ఊళ్ళకు ఆ అధికారం లేదు. నికొడెమస్ బడిలో నల్లపిల్లలు ఉన్నది ఊరే వాళ్ళది కాబట్టి. బడి పెట్టుకున్నదీ, నడుపుకున్నదీ వాళ్ళే. ఆ ఊళ్ళో కాపురమున్న ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో ఎన్నికై రాష్ట్ర ఆడిటరయ్యాడు. ఈ తేడా చెరిపేస్తే వాళ్ళు చేసిన పనంతా ఎవరో వాళ్ళ మీద రుద్దినట్టవుతుంది.

బడి ఎలా పోయిందో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1888లో రైలుమార్గం ఊరికి రాకుండా సాలమన్ నది దక్షిణ పాయకు అవతల వేశారు. వ్యాపారాలు అటు తరలి బోగ్ ఊరు పుట్టింది. తర్వాత కరువులు, దుమ్ము తుఫాన్లు, ట్రాక్టర్లు. ఒకరు సాగుచేసే పొలం పెరిగింది, పిల్లలు తగ్గారు. 1953లో పోస్టాఫీసు మూసేశారు, 1960 నాటికి బడీ మూతబడింది. 1963 చట్టంతో రాష్ట్రమంతటా చిన్న డిస్ట్రిక్టుల్ని కలిపేశారు. వేలల్లో ఉన్నవి ఇప్పుడు మూడువందల లోపే. మన దగ్గర విలీనం అంటే పల్లెల్లో ఎంత గొడవైందో నీకు తెలుసు, ఇక్కడా అంతే. బడితో పాటు ఓట్లు వేసే చోటు, క్రిస్మస్ కార్యక్రమం, పంచాయితీ జరిగే గది కూడా పోయాయి.

కాగితాల కోసం కౌంటీ కోర్టు భవనంలో మూడు అడుగు: డిస్ట్రిక్ట్ హద్దుల పుస్తకం, క్లర్కు వార్షిక నివేదికలు, టీచరు హాజరు పట్టీలు. క్లర్కు పుస్తకంలో ఎన్ని టన్నుల బొగ్గు కొన్నారు, ఏ అద్దం పగిలింది, అన్నీ ఉంటాయి. దాన్ని తేలిగ్గా చూడకు. 1880ల సంగతులకు ఆ ఊరి పత్రికలు రెండు, వెస్టర్న్ సైక్లోన్, నికొడెమస్ ఎంటర్‌ప్రైజ్. 1887 బడి కోసం వాటిని తిరగెయ్యి.

ప్రతి జూలై ఆఖరి వారాంతంలో ఆ ఊరి సంతతివాళ్ళు దూరదూరాల నుంచి ఊరికి వస్తారు. ఆ రోజు వెళ్ళు. బడిలో చదివినవాళ్ళు ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు, నీడలో కూర్చోబెట్టి మాట్లాడించు. గ్రూపు ఫొటో చూపిస్తే వెంటనే ఫోనుతో రెండువైపులా ఫొటో తీసుకో. పేర్లు ఎడమ నుంచి కుడికి, వరస వరసగా విడి కాగితం మీద రాసుకో. అసలు ఫొటో వెనక పెన్నుతో రాయకు, సిరా ముందుకు దిగుతుంది. ఆడపిల్లలకు పెళ్ళికి ముందు ఇంటిపేరు ఏమిటో తప్పకుండా అడుగు, హాజరు పట్టీలో ఉండేది ఆ పేరే.

అమ్మ