ఎంతమంది వస్తున్నారని అడిగారు కదా

మసాచుసెట్స్,
నవంబరు 16, ఆదివారం రాత్రి

నాన్నగారికి,

ప్రభువు నామంలో వందనాలు.

పొద్దున మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఉత్తరమేమిటి అనుకుంటారు. మీరు ఫోనెత్తగానే స్పీకర్ ఆన్ చేస్తారు. అమ్మ, నాయనమ్మ, కింద వాటాలో పిన్ని, అందరూ లైన్లోనే ఉంటారు. ఇది ముందు మీరొక్కరే చదవాలి. చదివాక అమ్మకి చెప్పకుండా ఉండలేరని తెలుసు. చెప్పండి, పర్లేదు.

ప్రతి ఆదివారం మీరు రెండు ప్రశ్నలు అడుగుతారు. చర్చికి వెళ్లావా? స్టూడెంట్స్ మీటింగ్‌కి ఎంతమంది వస్తున్నారు? మొదటిదానికి నిరుడు జనవరి నుంచి సెప్టెంబరు దాకా నేను చెప్పిన జవాబు అబద్ధం. వెళ్లలేదు. ఒకటి రెండు సార్లయితే మీరు అడగబోతున్నారని తెలిసి, ఆన్‌లైన్లో వాక్యభాగం ఏమిటో చూసుకుని మరీ చెప్పాను. మీరు సంతోషపడ్డారు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు.

సంగతేమిటంటే, ఆ జనవరిలో క్వాలిఫయింగ్ పరీక్ష తప్పాను. రెండోసారి రాసి పాసయ్యాను, మీకు ఆ రెండోది మాత్రమే చెప్పాను. తప్పిన వారం నాకు చాలా టెన్షన్. ఇంకోసారి తప్పితే సీటుండదు, వీసా ఉండదు. ఇక్కడి మన తెలుగువాళ్ల ప్రేయర్ లైన్ ఒకటుంది, రాత్రి తొమ్మిదికి అందరూ ఫోన్లో కలుస్తారు. ధైర్యం చేసి అందులో చెప్పుకున్నాను. ఒక పెద్దాయన వెంటనే, "ప్రార్థన తగ్గిందమ్మా, అందుకే" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నేను వచ్చిన కొత్తలో పరుపు, కుక్కరు తెచ్చిచ్చింది ఆయనే. కానీ ఆ మాటతో నాలో ఏదో మూసుకుపోయింది. ఆ రాత్రి లైన్ మ్యూట్‌లో పెట్టాను. తర్వాత కలపడమే మానేశాను. క్వైట్ టైమ్ (రోజూ ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించుకునే సమయం) పోయింది, చర్చి పోయింది. మీరిచ్చిన బైబిలు షెల్ఫులో కెమిస్ట్రీ పుస్తకాల పక్కన నిటారుగా నిలబడి ఉండేది, నా వంక చూస్తున్నట్టు.

మళ్లీ ఎలా కదిలానంటే, పెద్ద సాక్ష్యమేమీ లేదు, ముందే చెబుతున్నాను. మా ల్యాబ్‌లో కెన్యా అమ్మాయి ఒకతి ఉంది. ఒక గురువారం, "మా దగ్గర ఈ రాత్రి సూప్ ఉంది, వస్తావా" అంది. అప్పటికి నాలుగు రోజులుగా పెరుగన్నమే తింటున్నాను. సూప్ కోసం వెళ్లాను. అది ఇంటర్‌వర్సిటీ వాళ్ల బైబిల్ స్టడీ అని తలుపు తీశాకే తెలిసింది. ఇంటర్‌వర్సిటీ అంటే మీకు తెలియనిది కాదు. అమెరికాలో 1941లో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సంస్థ. ఇండియాలో మీ ఈయూల (ఇవాంజెలికల్ యూనియన్ల) సంఘం 1954లో. రెండూ ఐఎఫ్ఈఎస్ అనే ప్రపంచ విద్యార్థి సంఘాల కుటుంబమే కాబట్టి వరసకి మీ ఈయూకి అక్క. ఇక్కడి స్టాఫ్ వర్కర్ తన జీతం తానే దాతల దగ్గర సమకూర్చుకోవాలి. ఆయన కారు చూస్తే మీకు ఎవరో గుర్తొస్తారు.

కానీ వీళ్ల పద్ధతి వేరు. మార్కు సువార్తని అధ్యాయాలు, వచనాల నంబర్లు తీసేసి మామూలు కాగితాల మీద ప్రింట్ తీస్తారు. లైన్ల మధ్య బోలెడు ఖాళీ, పక్కన మార్జిన్, లైన్లకి మాత్రం నంబర్లు. చేతికి నాలుగు రంగుల పెన్సిళ్లిస్తారు. మళ్లీ మళ్లీ వచ్చే మాటకి ఒక రంగు, మనుషులకి ఒక రంగు, చోట్లకి ఒకటి. తోచినది గుండ్రంగా చుట్టొచ్చు, గీతలు కలపొచ్చు, ప్రశ్న గుర్తు పెట్టొచ్చు. నడిపించేవాడు ప్రసంగం చేయకూడదు, "ఏం కనిపిస్తోంది?" అని మాత్రమే అడగాలి. మా పాస్టరు గారు ఇలా చెప్పారు, ఫలానా పత్రికలో ఇలా ఉంది అంటే కుదరదు. కాగితంలో ఎక్కడుందో చూపించాలి. పుట్టినప్పటి నుంచి ప్రసంగాలు విన్నదాన్ని, మొదటి వారం నోరు పెగల్లేదు. నాకు తెలిసినదంతా ఎవరో చెప్పినదే.

మూడో వారం తుఫాను భాగం వచ్చింది, యేసు పడవలో నిద్రపోతుంటే శిష్యులు భయపడి లేపేది. నేను పంతానికి తెలుగు ప్రతి తయారు చేసుకున్నాను. నంబర్లన్నీ ఒక్కొక్కటే తీసేసి డిపార్ట్‌మెంట్ ప్రింటర్‌లో వేశాను. పక్కనున్నతను ఆ అక్షరాలు చూసి, ఇవి గీసినవా రాసినవా అన్నాడు. కెన్యా అమ్మాయి అడిగింది, "ఇంత చిన్న కథలో దిండు సంగతి ఎందుకు రాశాడు?" నా కాగితం చూసుకున్నాను. "అమరమున తలగడమీద." అమరమంటే పడవ వెనక భాగమని కొత్తపట్నంలో మీరు చూపించారు, గుర్తుందా, నాకు ఎనిమిదేళ్లుంటాయి. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనం, ఆ తలగడని నేనెప్పుడూ చూడలేదు. అలిసిపోయి పడుకున్న మనిషి.

తర్వాతి లైన్లోనే నా పెన్సిల్ ఆగిపోయింది. "నీకు చింతలేదా?" తొమ్మిది నెలలుగా నేను లోపల అంటున్నది సరిగ్గా ఆ మాటే. అది అనకూడని మాట, అవిశ్వాసం, అందుకే బైబిలు ముట్టుకునే అర్హత పోయింది అనుకున్నాను. ఇక్కడ శిష్యులు ముఖం మీదే అనేశారు. దానికాయన ఏం చేశాడు? ముందు లేచి గాలిని గద్దించాడు. ఆ తర్వాత వాళ్లని అడిగాడు, ఎందుకు భయపడుతున్నారని. వరస చూడండి నాన్నా. ప్రేయర్ లైన్లో నాకు జరిగింది తలకిందులు. గాలి వీస్తూనే ఉంది, ప్రశ్న ముందొచ్చేసింది.

"మిక్కిలి నిమ్మళమాయెను" అన్న మాటని తెలుగులోనే పైకి చదివాను. ఎవరికీ అర్థం కాలేదు. ఆ మాట ఎలా ఉంటుందో చెప్పమన్నారు. జ్వరం తగ్గిన పిల్లాణ్ణి తడిమి మా నాయనమ్మ అనే మాట, ఇప్పుడు నిమ్మళించింది అని, అన్నాను. అనేసరికి ఏడుపొచ్చింది. సూప్ ఇంకో గిన్నె పోశారు.

మొదటి ప్రశ్నకి జవాబు ఇదీ. ఇప్పుడు రెండోది.

ఈ ఆగస్టు నుంచి ఆ గ్రూపు నన్నే నడిపించమన్నారు. ఎంతమంది వస్తున్నారంటే అయిదుగురు. చలి ముదిరాక నలుగురు. ఫోన్లో ఈ మాట అనగానే మీవైపు ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది. "ప్రార్థన చేస్తున్నాంలే అమ్మా, పెరుగుతారు" అంటారు. తప్పుగా అనుకోకండి, ఆ నిశ్శబ్దం గురించే ఇంత రాస్తున్నాను.

మన ఊరికి అంకెల పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. 1878 జూలై 3, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఒంగోలులో పుట్టిన క్రైస్తవ పిల్లలకి ఎక్కాలకన్నా ముందు ఆ నంబరొస్తుంది. ప్రతి యూత్ మీటింగ్‌లో ఎవరో ఒకరు ఆ నంబరు చెప్పి, మీరేం చేస్తున్నారని మమ్మల్ని నిలదీసేవారు. దాని ముందు కథని మాత్రం త్వరగా దాటేసేవారు. కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని, మనవాళ్లకి కూలి, గంజి చూపించాడు. మన తాతల తాత ఆ కాలువలో మట్టి మోశాడని నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ పని సాగినన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడుగుతున్నా ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. లెక్కపెట్టనని ఆగినవాడి దగ్గరే ఆ లెక్క పుట్టింది. ఈ సంగతి మీరే నాకు చెప్పారు, కాలువ గట్టు మీద. మీటింగుల్లో ఎందుకు చెప్పేవారు కాదు?

అక్టోబరులో గ్రూపంతా కలిసి విలియమ్స్‌టౌన్ వెళ్లాం, ఇక్కడి నుంచి కారులో గంటన్నర. మేపుల్ చెట్లు ఎర్రబడే రోజులు, రోడ్డంతా ఫొటోల కోసం ఆగిన కార్లే. అక్కడి కాలేజీలో 1806 ఆగస్టులో ఒక శనివారం అయిదుగురు కుర్రాళ్లు పొలంలో ప్రార్థన చేసుకుంటుంటే ఉరుములతో వాన పట్టుకుంది. గడ్డివామి చాటుకి చేరి ప్రార్థన సాగించారు. శామ్యూల్ మిల్స్ అనే కుర్రాడు, ఆసియాకి సువార్త తీసుకెళ్దాం అన్నాడు. లూమిస్ అనే ఇంకొకడు ఒప్పుకోలేదు, ముందు ఆ దేశాలు నాగరికం కావాలి అన్నాడట. (నాగరికత మాట విని మా కరీంనగర్ రూమ్మేట్ ఎంత నవ్విందో!) ఆ కుర్రాళ్ల పట్టుదల వల్లే 1810లో అమెరికాలో విదేశీ మిషన్ బోర్డు ఏర్పడింది. 1812లో ఆ బోర్డు పంపినవాళ్లలో జడ్సన్, రైస్ ఇండియా చేరాక బాప్టిస్టులైపోయారు. రైస్ వెనక్కి వచ్చి బాప్టిస్టులను కూడగట్టాడు. ఆ బాప్టిస్టులు పంపిన మిషనరీ డే దొరే 1836లో తెలుగువాళ్ల దగ్గరికి చేరాడు. అక్కడి నుంచి నెల్లూరు, ఒంగోలు, మన ఇల్లు.

ఆ చోట చలువరాతి స్తంభం, పైన భూగోళం ఉన్నాయి. దాని మీద చెక్కిన మాట మన బైబిల్లో రెండే మాటలు: "పొలము లోకము." నేను ఆ గోళం చుట్టూ తిరిగాను, మన సముద్రం ఎటు ఉంటుందా అని.

మిల్స్ ఇండియా చూడనే లేదు తెలుసా? ఆఫ్రికా వెళ్లి తిరిగొస్తూ 1818లో సముద్రం మీదే చనిపోయాడు. ఒంగోలు అనే ఊరుందని కూడా అతనికి తెలిసి ఉండదు. ఆ శనివారం ఎవరైనా ఫోన్ చేసి ఎంతమంది వచ్చారని అడిగితే, అయిదుగురు, అందులో ఒకడు మాతో ఏకీభవించలేదు అని చెప్పాల్సి వచ్చేది. మన ఒంగోలు ప్రార్థన కొండ మీద మాత్రం ఎంతమందున్నారు? 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్లతో కొద్దిమంది తెలుగువాళ్లు. అంతకు ముందు ఏడాదే ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ కొండెక్కిన వాళ్లలో జూలియా అనే మన తెలుగావిడ ఉంది. దొరల పేర్లు అందరికీ వచ్చు, ఆవిడ పేరు మా ఆదివారం బడిలో ఎవరూ నేర్పలేదు. దీని మీద నాకు కొంచెం కోపమే ఉంది.

మా అయిదుగురి సంగతి చెప్పలేదు కదా. కెన్యా అమ్మాయి, కొరియా అబ్బాయి, ఇక్కడివాళ్లు ఇద్దరు, మా కరీంనగర్ రూమ్మేట్. రూమ్మేట్‌ది వెంకటేశ్వరస్వామి ఫొటోకి దీపం పెట్టుకునే ఇల్లు, ఇక్కడా పెట్టుకుంటుంది. ఆ అమ్మాయి వస్తుందనగానే మీరు పేరు రాసుకుని ప్రార్థన మొదలుపెట్టారని అమ్మ చెప్పింది. ప్రార్థన చేయండి, వద్దనను. కానీ ఎంతవరకు వచ్చింది అని మాత్రం నన్ను అడగకండి. మొదటి రోజే తనకి మాటిచ్చాను, ఇక్కడ నిన్నెవరూ లాగరు, చదువు, ప్రశ్నలడుగు, వెళ్లిపో అని. అందరికన్నా శ్రద్ధగా చదివేది తనే. పోయిన గురువారం, "వీళ్లు దేవుణ్ణి లేపారు కదా, మీరెందుకు ఎప్పుడూ ఇంత మర్యాదగా ప్రార్థన చేస్తారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. కాగితంలో ఎక్కడుందో చూపించమన్నాను, తలగడ చూపించింది.

మా ప్రార్థన విజ్ఞాపనలు కూడా రాయాలి, మీకు కావాలి కదా. ఉద్యోగం, వీసా లాటరీ, అప్పు. ఆత్మీయమైనవేమీ లేవా అంటారేమో. లక్షల అప్పు చేసి వచ్చిన పిల్లకి రాత్రి నిద్ర పట్టడమే ఆత్మీయం నాన్నా. ముందు నేనూ అలా అనుకునేదాన్ని కాదు.

ఇంకొక్కటి. మన ఇంట్లో శనివారం సాయంత్రాలు గుర్తొస్తున్నాయి. ఈయూ పిల్లలు వరండాలో చాప మీద, మీరు గోడకానుకుని, అమ్మ పెద్ద అల్యూమినియం గిన్నెలో ఉప్మా. చివర్లో మీరు నల్ల అట్ట నోట్‌బుక్‌లో పేర్లు, సంఖ్య రాసేవారు. ముప్పై రెండు, ముప్పై ఏడు. పాలిటెక్నిక్ చదివే అన్నయ్య ఒకడుండేవాడు, గిటార్ వాయించేవాడు, ఒక కన్ను కొంచెం మెల్ల. సప్లిమెంటరీ పోయాక రావడం మానేశాడు. మీరు రెండు మూడు వారాలు అతని పేరు పక్కన చుక్క పెట్టి, ఆ తర్వాత కొట్టేశారు. పెన్ను స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. నాకు పదేళ్లప్పుడు చూసింది. నేను చర్చి ఎగ్గొట్టిన తొమ్మిది నెలలూ నాకు ఆ గీతే కనిపించేది. నిజం చెబితే నా పేరు మీదా అది పడుతుందనిపించి మీకు అబద్ధం చెప్పాను.

మిమ్మల్ని నొప్పించాలని రాయలేదు. ఇప్పుడు అతను ఎక్కడున్నాడు? ఆ నోట్‌బుక్ ఇంకా ఉంటే, అందులో ఫోన్ నంబరు ఉంటే, ఒకసారి చేయండి. చర్చి సంగతి అడక్కండి. గిటార్ వాయిస్తున్నాడా అని అడగండి.

వచ్చే గురువారం వంట నాది. ఉప్మా చేద్దామనుకుంటున్నాను. రవ్వ, నీళ్లు ఎంతెంతో అమ్మని అడిగి చెప్పండి. అయిదుగురికి కొలత కావాలి అని గట్టిగా చెప్పండి, ఆవిడకి నలభై మందికి తప్ప చేయడం రాదు.

మీ అమ్మాయి